గాలి తిరిగేవరకు విడిది

శని, ఆదివారాలు గడపడానికి సొగసైన చిన్న హోటలును ఎంచుకునే నేటి విలాసయాత్రికునికి, అతిథి ఎన్నాళ్లుండాలో గాలి నిర్ణయించిన కాలం ఊహకందదు.

గుజరాత్‌లో తపతీ నది సాగరసంగమం వద్ద హజీరా ఉంది. నేడక్కడ ఉక్కు, ఎరువుల కర్మాగారాలు కనిపిస్తాయి. 17వ శతాబ్దంలో మాత్రం పెద్ద ఓడలు ఆ చేరువనే, సువాలీ రేవులో లంగరు వేసేవి. ఇసుక మేటలు నిండిన నదిలోకి అవి రాలేకపోయేవి. మక్కాకు పయనమైన యాత్రికులు ఎగువనున్న సూరత్ నగరంలో ఈశాన్యపు గాలి కోసం ఎదురుచూసేవారు.

వారి కోసం 1644లో, షాజహాన్ ఏలుబడిలో, హకీకత్ ఖాన్ ఒక సరాయి కట్టించాడు. సరాయి అంటే చుట్టూ గదులు, నడుమ విశాలమైన ముంగిలి, రాత్రివేళ మూసివేసే సింహద్వారం. ఇక్కడి ద్వారం మీది శిలాశాసనం నేటి హోటలు యజమానులను నివ్వెరపరచగలదు. పండితులకు, యాత్రికులకు అద్దె లేదు. ఇతరులు చెల్లించిన సొమ్ము పేదలకు పంచాలి. సైనికులకు మాత్రం బస ఇవ్వరాదు! కారణం శాసనం చెప్పలేదు. ఆయుధం ధరించిన అతిథిని ఖాళీ చేయించడం ఏ యజమానికైనా కష్టమే కదా.

ఆ ఔదార్యం కలకాలం నిలవలేదు. 18వ శతాబ్దంలో ఆ గదులు చెరసాల అయినాయి. 1867లో పురపాలక సంఘం అందులో అడుగుపెట్టింది. ఒకనాడు యాత్రికుని అద్దె అడగని ఆ గుమ్మంలోకి, అటుపిమ్మట సూరత్ పౌరులు పన్నుల లెక్కలతో రాసాగారు.