కిటికీ ఊచకి ముడులు

మా ఆడపడుచు కూతురు 2020లో సర్జరీ పీజీ రెండో ఏడు చదువుతోంది. కోవిడ్ రాగానే వాయిదా వేయగల ఆపరేషన్లన్నీ ఆపేశారు. కత్తి పట్టి నేర్చుకోవాల్సిన పిల్ల నెలల తరబడి ఆక్సిజన్ వార్డులో డ్యూటీ చేసింది. 2021 ఏప్రిల్లో జరగాల్సిన నీట్ పీజీ సెప్టెంబరుకి పోయింది. కొత్త బ్యాచ్ 2022 దాకా రానేలేదు. ఆ చాకిరీ కూడా వీళ్ల నెత్తినే!

ఏలూరులో మా ఇంటికొస్తే కిటికీ ఊచకి దారం కట్టి ఒంటిచేత్తో ముడులు వేసేది. అరటితొక్క కోసి కుట్టేది. "చెయ్యి అలవాటు తప్పుతోందత్తయ్యా" అనేది.

మాకు కొల్లేరు చేపలు తెచ్చే ఆవిడకి పిత్తాశయంలో రాళ్లు. ఆపరేషన్ వాయిదా మీద వాయిదా. "ఇలాంటివి చేస్తేనే కదా మాకు పని వచ్చేది" అంది పిల్ల. నాకు చివుక్కుమంది గానీ, ఇద్దరూ ఎదురుచూసింది ఆ ఒక్క బల్ల కోసమే.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో పనిచేస్తోంది. కొత్త ఆపరేషనైతే సీనియర్ని పక్కన నిలబెట్టుకుంటుంది, ఎవరేమనుకున్నా సరే.