గొంతువాపు వ్యాధియు వానకాలమును

గోదావరి మధ్యడెల్టాలో ఆత్రేయపురము మొదలగు గ్రామముల రైతులకు తొలకరివాన యెంత సంతోషకరమో, వారి పశువులపాకకు అంత గండము. గురకవ్యాధి యనియు పిలువబడు గొంతువాపు విశేషముగా వానకాలముననే వ్యాపించును. ఆవులకంటె గేదెలకు మఱింత ప్రాణాంతకము. సాయంకాలము చెంబునిండ పాలిచ్చిన గేదె మఱునాటి యుదయమునకు మేత విడచి, చొంగ కార్చుచు, గొంతు వాచి, గురకతో ఊపిరి తీయుచుండును. ఒకటి రెండు దినములలో, కొన్నియెడల గంటలలోనే, చచ్చును.

కొత్తనీరు త్రావుటచేతను, లేతగడ్డి మేయుటచేతను ఈ తెగులు పుట్టునని పలువురందురు. ఆ మాటలో కాలము నిజమే గాని కారణము నిజము కాదు. పాస్చురెల్లా యను సూక్ష్మజీవి దీనికి మూలము. ఆరోగ్యముగా కనబడు కొన్ని పశువుల గొంతులో అది వేసవియంతయు అణగియుండును. ఎండుగడ్డితో చిక్కిన పశువు తొలివానలో తడిసి, వెంటనే దమ్మునకు కట్టబడినచో, దాని నిరోధకశక్తి తగ్గి ఆ జీవి విజృంభించును. పిదప ముక్కునీరు, దగ్గుతుంపరలు, అన్నియు మూతిపెట్టు కుడితితొట్టి, వీనిమూలమున ప్రక్క పశువునకు సోకును. ఎండకును పొడినేలకును ఈ సూక్ష్మజీవి నిలువజాలదు. చిత్తడినేలలో హెచ్చుకాలము బ్రదుకును. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చినట్టి పెద్దవరదలలో లంకపశువులకు ఏటిగట్టే దిక్కు. అక్కడ అవి ఒకదానినొకటి ఒరసికొని నిలుచుట వ్యాధికి మిక్కిలి అనుకూలము.

కావున టీకా వానకు ముందే, మే నెలలో, వేయింపవలెను. పాలు రెండుమూడు దినములు తగ్గునని వెనుదీయువారు గేదె వెలను తలంపవలెను. సూది వేసిన రెండు మూడు వారములకుగాని రక్షణ చేకూరదు. ఊరిలో నొక గేదె చచ్చినపిదప పశువైద్యశాలకు పరుగెత్తువారికి ఆ వారములే కఱవగును. జ్వరము 104 డిగ్రీలు దాటి, పశువు నెమరు మానిన గడియలోనే వైద్యుని పిలిచినచో మందు పనిచేయవచ్చును. గొంతు వాచినపిదప బ్రదుకునవి అరుదు.

చచ్చినదాని తోలు ఒలిపించుటయు, కళేబరమును కాలువలో ద్రోయుటయు కూడదు. లొల్ల లాకుల దిగువ గ్రామముల పశువులు ఆ నీటినే త్రావును. ఆఱడుగుల లోతున సున్నము చల్లి పూడ్చవలెను. రోగపు పశువు మిగిల్చిన కుడితిని, వృథాయగునని చూడక, మఱొక పశువు ముట్టనిచోట పారబోయవలెను.