కెమెరా సరే.. డీవీఆర్‌ ఎక్కడుంది?

ఇంటికి తాళం వేసి ఊరెళ్లేవారు గుమ్మానికి సీసీ కెమెరా బిగించి నిశ్చింతగా ఉంటున్నారు. దృశ్యాలు నిక్షిప్తమయ్యేది కెమెరాలో కాదు, డీవీఆర్‌ పెట్టెలోని హార్డ్‌డిస్కులో. చాలా ఇళ్లలో అది హాలులో టీవీ పక్కనే కనిపిస్తుంది. దొంగలు సొత్తుతో పాటు దాన్నీ ఎత్తుకుపోతే ఆధారమే మిగలదు. చోరీ వార్తల్లో ఇటువంటి ఉదంతాలు తరచూ వస్తున్నవే. పెట్టెను అటక మీదనో, తాళం వేసే అల్మారాలోనో గాలి ఆడేలా అమర్చుకోవాలి. మెమొరీ కార్డు కెమెరా అయితే చేతికందని ఎత్తులో ఉండాలి. దాన్ని పీకేస్తే కార్డూ పోయినట్లే.

డిస్కు కొనే ముందు లెక్క చూసుకోవాలి. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున నిరంతరం నమోదు చేసే నాలుగు కెమెరాలకు రోజుకు సుమారు 86 జీబీ అవసరం. 1 టీబీ డిస్కు 11 రోజుల్లో నిండిపోతుంది. ఆపై పాత దృశ్యాలు చెరిగి కొత్తవి చేరతాయి. పక్షం రోజులు తీర్థయాత్రకు వెళ్లేవారికి 2 టీబీ తప్పదు.

కరెంటు పోతే అంతా ఆగుతుంది. ఇన్వర్టరు లైనుకు డీవీఆర్‌తో పాటు కెమెరాలనూ కలిపారో లేదో చూడాలి. ఒకదాన్ని మరవడం కద్దు. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును ఆ రోజే మార్చుకోవాలి. తేదీ, సమయం సరిచూసుకోవాలి. మరునాడు మెకానిక్కు ఎదుటే రాత్రి దృశ్యాలు వేయించి, మనిషి ముఖం ఆనవాలు దొరుకుతోందని తేలాకే మిగిలిన సొమ్ము చెల్లించడం మేలు.