భార్యాభర్తల మధ్య బలవంతం – చట్టం ఏమంటున్నది?



“మొగుడే కదా, ఎవరితో చెప్పుకుంటాం?” అని నొప్పిని, గాయాన్ని దాచుకునే తల్లులు ఎందరో ఉన్నారు. వారి కోసం ఈసారి చట్టం సంగతి తెలియజేస్తున్నాము.

భర్త బలవంతం చేస్తే దానిని అత్యాచారంగా లెక్కించని మినహాయింపు 1860 నాటి శిక్షాస్మృతి నుంచీ ఉంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లోనూ ఉంచారు. అయితే భార్యకు 18 ఏళ్లు నిండి ఉండాలి. పూర్వం 15 ఏళ్లు నిండితే చాలనేవారు. 2017 అక్టోబరు 11న సుప్రీంకోర్టు దానిని 18కి పెంచింది.

మన అరకులోయ కొండ ఊళ్లలో కొందరు ఆడపిల్లలకు 18 నిండకముందే పెళ్లి అవుతున్నది. ఆచారం ఏదైనా, ఆ అమ్మాయి ఒప్పుకున్నా, ఆ కాపురం చట్టం దృష్టిలో నేరమే. ఆమెకు ఉచితంగా వైద్యం చేయడం, పోలీసులకు తెలియజేయడం ప్రతి ఆసుపత్రి బాధ్యత. ఆ భయంతో గర్భిణిని ఇంట్లోనే ఉంచకండి. చిన్న వయసు కాన్పులో తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం ఎక్కువ.

18 దాటిన భార్యకు దారి లేదనుకోకండి. 2005 నాటి గృహహింస చట్టం లైంగిక హింసను కూడా హింసగానే చూస్తుంది. భర్త ఇకపై హింసించరాదని, ఇంటి నుంచి గెంటివేయరాదని, వైద్య ఖర్చులు ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు. రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది వరకు జైలు పడవచ్చు. విడిగా ఉంటున్న భార్యను బలవంతం చేస్తే 2 నుంచి 7 ఏళ్ల జైలు.

అమ్మలారా, రక్తస్రావం, కడుపునొప్పి, మూత్రంలో మంట ఉంటే ఆలస్యం చేయకుండా రండి. జరిగినది డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. సహాయానికి 181, పిల్లలకు 1098, ఆపదలో 112కు ఫోను చేయండి.