వరద లెక్కల్లో చేరని డప్పు

కోనసీమలో 1996 నవంబరు 6 నాటి తుపాను గురించి అడిగితే రెండు రకాల జ్ఞాపకాలు వినిపిస్తాయి. ఒకటి కొబ్బరి తోటల జ్ఞాపకం. ఎన్ని చెట్లు కూలాయి, తోట మళ్లీ కాపుకు రావడానికి ఎన్నేళ్లు పట్టింది అన్నది అందులో ప్రధానం. వెయ్యికి పైగా మనుషులు చనిపోయారన్న సంఖ్యతో కలిసి అది రికార్డులకెక్కింది. రెండవది పేటల జ్ఞాపకం. అది శోకాల్లో, పాటల్లో, డప్పు దరువులో మాత్రమే ఉంది. ఏది చరిత్ర అవుతుంది, ఏది ఏడుపుగా మిగిలిపోతుంది అన్నది నా దృష్టిలో కుల ప్రశ్న.

సముద్రాన్ని ఆనుకొని ఉన్న ఉప్పలగుప్తం మండలంలోని పేటల్లో వయసు మళ్లిన స్త్రీల నోట శోకాలు విన్నాను. వారు పోయినవారిని వరుసలు పెట్టి పిలుస్తారు. ఎవరు ఏ గట్టు మీద దొరికారో, ఎవరు దొరకనే లేదో రాగంలోనే చెబుతారు. ప్రభుత్వ జాబితాలో పేరు మాత్రమే ఉన్న మనిషికి ఇక్కడ బంధుత్వం, పని, చివరి మాట ఉన్నాయి. పరిశోధకులకు ఇది ఆధారం కాకపోతే మరేది ఆధారం?

ఈ పాటలకు కాలం మాత్రమే శత్రువు కాదు. నాట్లు వేసే బంతిలో తల్లి పాడితే కూతురు అందుకునేది. వరి చేలు రొయ్యల చెరువులుగా మారాక ఆ బంతే లేదు. చెరువుకు కాపలా మనిషి చాలు, గొంతు కలిపే పదిమంది అక్కర్లేదు.

డప్పు సంగతి ఇంకా చేదైనది. ఊరికి ముప్పు వస్తే దండోరా వేయడానికి ఆ తోలు కావాలి. ముప్పు తీరాక దాన్ని వాయించిన చెయ్యి అంటరానిది. అందుకే చదువుకున్న దళిత యువకులు కొందరు డప్పును వెట్టికి గుర్తుగా చూసి వద్దంటారు. ఆ కోపం న్యాయమైనదే. అయితే 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ ఉద్యమం దండోరా అన్న మాటనే ఆత్మగౌరవ నినాదంగా మార్చింది. వాయించాలా వద్దా అన్నది వారి నిర్ణయం. ఆ దరువు మోసిన జ్ఞాపకం మాత్రం వారి ఆస్తి.

2005 ఆగస్టులో కత్రినా తుపానుకు కరకట్టలు తెగి అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో అత్యధిక భాగం మునిగింది. నల్లజాతి వాడల బ్రాస్ బ్యాండ్ కళాకారులు చెల్లాచెదురయ్యారు. వారు తిరిగిరాకపోతే నగరం తిరిగి లేచినట్టు కాదని గుర్తించి, స్వచ్ఛంద సంస్థలు సంగీతకారుల కోసం ప్రత్యేకంగా ఒక కాలనీ కట్టాయి. అక్కడా పేదలంతా తిరిగి రాలేకపోయారు. కానీ పునరావాసమంటే ఇల్లు, రోడ్డు మాత్రమే కాదని ఒప్పుకున్నారు.

మన దగ్గర డప్పు కళాకారులకు పింఛను ఉంది. అది మంచిదే, కానీ అది వృద్ధాప్యానికి ఆసరా. విపత్తు సాయపు నిబంధనల్లో చేనేత, హస్తకళల వారికి పాడైన పనిముట్ల కోసం సాయం ఉంది. అదే వరసలో డప్పును కూడా పేరు పెట్టి చేర్చాలి. తడిసిన డప్పు మంట దగ్గర కాగితేగాని పలకదు. నానిన తోలు కుళ్లితే కాచినా లాభం లేదు. దానితో ఒక కుటుంబం కూలి పోతుంది.

2022 మేలో అంబేడ్కర్ పేరు జిల్లాకు పెట్టొద్దంటూ అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. జూలైలో గోదావరి లంకలను ముంచింది. పేరు నిలిచింది. కానీ ఆ పేరు జిల్లా బోర్డు మీద ఉంటే చాలదు. విశ్వవిద్యాలయాలు, సాంస్కృతిక శాఖ కలిసి పేటల శోకాలను, పాటలను వారి అనుమతితో, వారి పేర్లతో రికార్డు చేయాలి. 1996లో ఇరవై ఏళ్ల యువతులు ఇప్పుడు యాభై ఏళ్ల దరిదాపుల్లో ఉన్నారు. ఆనాటి తల్లులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. తర్వాతి తుపాను దాకా ఆగితే రికార్డు చేయడానికి గొంతులు మిగలవు.