కొత్త చెక్కనేల అడుగు కింద కదలుట ఎందువలన?

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఇంటి నేల అంటే నాపరాయి, గ్రానైటు బండ, లేక గచ్చు. చెక్కనేల పాఠశాల వేదికలకు, షటిల్ ఆడే మందిరాలకు, ఈ మధ్య కొందరి గదులకు వచ్చింది. వేసిన కొద్దికాలానికే కొన్నిచోట్ల అది కుంగి లేస్తూ కిర్రుమంటుంది. వెంటనే నాలుగు మేకులు కొట్టిస్తారు. పలక పగులుతుంది గాని కుంగుడు పోదు. రోగమొకటి, మందు మరొకటి.

ఇందులో రెండు వేర్వేరు కదలికలున్నవి. మొదటిది బరువు వలన పలక వంగుట. రెండు ఇటుకలపై స్కేలు ఉంచి నడుమ కొంచెం బరువు పెట్టి చూడండి. ఇటుకల ఎడం రెట్టింపు చేస్తే అదే బరువుకు వంపు రెండింతలు కాదు, సుమారు ఎనిమిదింతలవుతుంది. ఏలనగా వంపు ఆధారాల మధ్య దూరపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. మందం సగమైనా ఫలితమిదే. కనుక అడుగున కొయ్యపట్టెలను 40 సెం.మీ. బదులు 60 సెం.మీ. ఎడంగా వేస్తే వంపు దాదాపు 3.4 రెట్లు! నాలుగు పట్టెలు ఆదా చేసిన లెక్క ఇక్కడ బయటపడుతుంది.

పాత నాపరాళ్లపై నేరుగా పరచిన గాడి పలకల అవస్థ కూడా ఇదే. అతుకుల వద్ద మిట్టపల్లాలుంటే పలక రెండు మిట్టలపై వంతెనవలె నిలుస్తుంది. 2 మీటర్ల తిన్నని పట్టెను నేలకు ఆనిస్తే కింద 3 మి.మీ. మించి సందు ఉండరాదని సాధారణ నియమం. మెత్తని పొర మరొకటి వేస్తే చాలునని కొందరంటారు. అది పల్లాన్ని పూడ్చదు సరికదా, గాళ్లు విరగటానికి తోడ్పడుతుంది. పలకలెత్తి మిట్టలు అరగదీయవలెను, పల్లాలు సిమెంటుతో పూడ్చవలెను.

రెండవది తేమ వలన కలిగే వ్యాకోచం. మన మెట్టసీమలో మే నెల మధ్యాహ్నపు గాలికి, శ్రావణమాసపు గాలికి పోలికే లేదు. గాలి సాపేక్ష ఆర్ద్రత 30 శాతమైతే కొయ్యలో తేమ సుమారు 6 శాతం వద్ద నిలుస్తుంది. 80 శాతమైతే 16 వద్ద. కొయ్యతేమ ఒక్క శాతం పెరిగితే టేకు పలక వెడల్పు, కోతను బట్టి, 0.19 శాతం వరకు పెరుగుతుంది. పొడవులో మార్పు లెక్కకు రాదు. 10 శాతం భేదానికి 3 మీటర్ల గదిలో ఇది 5 సెం.మీ. దాటుతుంది. ఇంటిలోపల అంత తేడా రాదు. పావువంతు వచ్చినా సెంటీమీటరు పైమాటే. గోడ వద్ద చోటు లేకపోతే పలకలు ఎక్కడికి పోతాయి? నడుమ పొంగి లేస్తాయి. ఆ పొంగుపై అడుగు వేస్తే కుంగుతుంది. గోడల వెంబడి 10, 12 మి.మీ. సందు విడిచి, పైన అంచుపట్టీతో కప్పుట ఇందుకే.

ఏది కారణమో తెలియాలంటే కుంగేచోట్ల సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఎండాకాలంలోనూ అదే చోట కుంగితే లోపం అడుగున ఉన్నది. వానలలో మాత్రమే లేస్తే అంచుపట్టీ ఊడదీసి గోడకూ పలకకూ నడుమ అట్టముక్క దూర్చి చూడండి. దూరకపోతే అక్కడ పలక అంచును కోయించవలెను. పొంగిన నేలను వానాకాలంలోనే చిత్రిక పట్టించుట మాత్రం వద్దు. వేసవిలో కొయ్య ఆరి కిందికి దిగినప్పుడు, చెక్కిన మేర అక్కడ గుంటగా మిగిలిపోతుంది.