నాలుగు అక్షరములు – ఏడు పలుకులు

విద్యార్థులారా! మన ఊరి పేరును మూడు లిపులలో వ్రాసి చూడుడు. తమిళమున 'కయత్తాఱు' అని చివర ఱకారముతో వ్రాయుదురు. ఏలయన, ఏటికి ఆ భాషలో 'ఆఱు' అని పేరు. తెలుగున నేడు 'కయత్తారు' అని వ్రాయుచున్నాము. ఆంగ్లమున తకారమునకు ప్రత్యేకాక్షరము లేదు. కావున టి, హెచ్ అను రెండక్షరములను చేర్చి వ్రాయుదురు. అవే రెండక్షరములు 'థింక్' అను పదమున ఒక విధముగను, 'దిస్' అను పదమున మరియొక విధముగను పలుకును.

ఏ లిపియు పలుకునకు పూర్తిగా అద్దము పట్టదు. తమిళమున కన్నునకు 'కణ్' అనియు, బంగారమునకు 'తంగం' అనియు పేర్లు. ఈ రెంటను కకార గకారములకు వ్రాయునది ఒకే అక్షరము. మన తెలుగున సైతము 'చాప'లోని చకారమును, 'చిలుక'లోని చకారమును ఒకటిగా పలుకము. వ్రాయునది మాత్రము ఒక్క తీరుగనే. అయినను ఈ భేదములు కొలదిపాటివి. ఆంగ్లమున నున్న చిక్కు ఇంతకంటె పెద్దది. దానికి మంచి ఉదాహరణము ఓ, యు, జి, హెచ్ అను నాలుగక్షరములు వరుసగా వచ్చు పదములు. ఈ నాలుగక్షరములకు ముఖ్యముగా ఏడు పలుకులు గలవు. ఆ పదములను పలుకును బట్టి కూర్చి, అర్థములతో ఇచట చూపుచున్నాము.

1. 'అఫ్' అను పలుకు: రఫ్ – గరుకైనది, టఫ్ – గట్టిది, కఠినమైనది, ఇనఫ్ – చాలినంత.

2. 'ఆఫ్' అను పలుకు: కాఫ్ – దగ్గు; ట్రాఫ్ – పశువుల తొట్టి.

3. 'ఔ' అను పలుకు: ప్లౌ – నాగలి, దున్నుట, బౌ – చెట్టు పెద్దకొమ్మ, డ్రౌట్ – అనావృష్టి.

4. 'ఓ' అను పలుకు: దో – అయినప్పటికిని, డో – తడిపి పిసికిన పిండి.

5. 'ఊ' అను పలుకు: త్రూ – గుండా, ద్వారా.

6. 'ఆ' అను పలుకు: థాట్ – తలంపు, బాట్ – కొనెను, బ్రాట్ – తెచ్చెను, ఫాట్ – పోరాడెను.

7. 'అ' అను పలుకు: థర – సమగ్రమైనది.

ఇందు రెండు చోట్ల మిక్కిలి జాగ్రత్త వలయును. 'బ్రాట్' అను పదమున మొదటి అక్షరమగు బి తీసి డి చేర్చినచో అనావృష్టిని తెలుపు పదమగును. కాని దానిని 'డ్రాట్' అని పలుకరాదు, 'డ్రౌట్' అనియే పలుకవలెను. రెండవది, 'దో' అను పదము. దాని చివర టి చేర్చిన 'థాట్' అగును. హెచ్ పిదప ఆర్ చేర్చిన 'త్రూ' అగును. ఆ ఆర్‌కు ముందు మరియొక ఓ చేర్చిన 'థర' అగును. ఒక్క అక్షరము మారినంతనే పలుకును, అర్థమును రెండును మారుచున్నవి. పరీక్షలో ఎక్కువ తప్పులు ఈ నాలుగు పదములయందే వచ్చును.

ఇట్లేల జరిగెను? వేయి సంవత్సరముల క్రిందట ఇంగ్లండు ప్రజలు ఈ పదములలో కొన్నింటను గొంతునుండి వెడలు ఒక హకారమును స్పష్టముగా పలుకుచుండిరి. నేటి జర్మను భాషలో అట్టి ధ్వని ఇంకను వినవచ్చును. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత లేఖకులు ఆ ధ్వనికి జి, హెచ్ అను జంటను వాడసాగిరి. కాలక్రమమున ఆ ధ్వని కొన్ని పదములలో లోపించెను. మరికొన్నింట ఫకారముగా మారెను. అచ్చుల పలుకును మారిపోయెను. ఈ మార్పులు ముగియకమునుపే, 1476లో విలియం కాక్స్‌టన్ ఇంగ్లండున ముద్రణాలయమును స్థాపించెను. అచ్చులో పడిన వ్రాత క్రమముగా స్థిరపడెను. పలుకు మాత్రము ముందునకు సాగిపోయెను. కనుక ఆ నాలుగక్షరములు పాత పలుకునకు మిగిలిన గుర్తులు. అమెరికనులు నాగలిని తెలుపు పదమున ఈ వ్రాతను విడిచి, పి, ఎల్, ఓ, డబ్ల్యు అని నాలుగక్షరములతోనే వ్రాయుచున్నారు.

ఈ సంగతి తెలిసినచో ఒక మేలు గలదు. చదువునపుడు తడబడిన బాలుడు తనకు తెలివి లేదని క్రుంగును. తోటివారు నవ్విన పిమ్మట నోరు తెరచుటకే వెనుదీయును. కాని ఇచట లోపము బాలునిది కాదు, వ్రాతది. ఆంగ్లేయుల పిల్లలును ఈ పదములను ఒక్కొక్కటిగా కంఠస్థము చేయవలసినదే.

తలిదండ్రులకు ఒక మనవి. తమకు ఆంగ్లము రాదని వెనుకాడవలదు. బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని 'నాగలిని ఏమందురు? తొట్టిని ఏమందురు? వాన లేని కాలమును ఏమందురు?' అని తెలుగున అడుగుడు. మన నల్లరేగడి సీమలో నాగలి, తొట్టి, వానలేమి ఎరుగని బిడ్డ యుండడు. ఎరిగిన వస్తువునకు క్రొత్త పేరు త్వరగా అంటును. ఇంటి భాష పరభాషకు అడ్డు కాదు. కోవిల్‌పట్టి చెంత ఇడైచెవల్ గ్రామమున తెలుగు కుటుంబమున జన్మించిన కి. రాజనారాయణన్ తమిళమున రచనలు చేసి, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారమును పొందిరి.

కావున విద్యార్థులారా, పైని ఏడు వరుసలను మీ పుస్తకమున వ్రాసికొనుడు. దినమునకొక వరుస చొప్పున బిగ్గరగా చదివి, ప్రతి పదమునకును ఒక వాక్యము కల్పింపుడు. వారము గడచునాటికి ఆ నాలుగక్షరములు మిమ్ము భయపెట్టజాలవు.